మా అమ్మాయి కోడింగ్ పక్కన పెట్టి డాక్యుమెంటేషన్ రాస్తోంది, ఉద్యోగం వస్తుందా?

నరసరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకు ఎరువుల షాపు ఉంది, అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. రాత్రి పన్నెండింటి దాకా ఏదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు, డాక్యుమెంటేషన్ (ఎలా వాడాలో చెప్పే రాత) కింద ఇన్‌స్టాలేషన్ పేజీలు తిరగరాస్తోందట, రూపాయి రాదట. క్లాసులో సగం మంది లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేరారట. "ఇది గుమాస్తా పనిలా ఉంది సార్, రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి" అని అడిగారు.

పోలుస్తాను గానీ, మీ బాధ కోర్సు గురించి కాదు. అందరి పిల్లలూ ఎక్కిన బస్సు మీ అమ్మాయి ఎక్కలేదని. ఊళ్ల పేర్లు మారతాయి తప్ప ఈ ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. కంగారు పడకండి, అమ్మాయి దారి తప్పలేదు.

గుమాస్తా పని అన్నారే, ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఏదైనా ప్రాజెక్టు తీసుకోండి. 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేస్తే చాలు' అని ఒక లైను, దాని కింద లినక్స్ కమాండు ఉంటాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటే ఆ ప్రాజెక్టు సరంజామా విడిగా పెట్టుకునే ఫోల్డరు. మన పిల్లల దగ్గర ఎక్కువగా ఉండేది విండోస్ ల్యాప్‌టాప్. అందులో యాక్టివేట్ చేసే ఫైలు బిన్ ఫోల్డర్లో కాదు, స్క్రిప్ట్స్ ఫోల్డర్లో ఉంటుంది. అది వెతికి పట్టుకుని, విండోస్‌లో కమాండ్లు ఇచ్చే పవర్‌షెల్‌లో కొడితే, ఈ సిస్టంలో స్క్రిప్టులు నడపడం ఆపేసి ఉందని చాలాసార్లు ఎర్రక్షరాలు వస్తాయి. పేజీ రాసినాయన ఈ గుమ్మం ఎప్పుడో దాటేశాడు కాబట్టి ఆయనకి అది కనపడదు, కొత్తగా వచ్చినవాడేమో తనకే బుర్ర లేదనుకుని ట్యాబ్ మూసేస్తాడు. విండోస్ కమాండు విడిగా ఇచ్చి, ఆ ఎర్ర మెసేజ్‌ని ఉన్నదున్నట్టు పెట్టి, కింద దాని విరుగుడు రాసి, ఆ 'చాలు' అన్న మాట తీసేయాలంటే సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఎందుకు ఆగుతుందో తెలియాలి. గుమాస్తా వల్ల అయ్యే పనేనా ఇది?

2017లో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎక్కువగా ఉండే వెబ్‌సైట్ గిట్‌హబ్ చేసిన సర్వేలో డాక్యుమెంటేషన్ అసంపూర్తిగానో పాతబడిపోయో ఉందని 93 శాతం మంది చెప్పారు. కోడ్ ఇచ్చేవాళ్లలో 60 శాతం మంది మాత్రం దాని జోలికి ఎప్పుడూ వెళ్లమనో, అరుదుగా వెళ్తామనో అన్నారు. మీ అమ్మాయి పని చేస్తున్నది ఆ ఖాళీలోనే.

ఇక ఆ ఏఐ కోర్సు. నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. చదువు మంచిదే, లెక్కలు గట్టిగా వచ్చి కూర్చుని నేర్చుకునేవాళ్లకు నేనే చెప్తాను చేరమని. కానీ ఆరు నెలల్లో నిపుణుడు అనే ప్యాకేజీలు కొని నా దగ్గరికి వచ్చిన పిల్లల రెజ్యూమెలు చూస్తే నాకు నీరసం వస్తుంది, అందరిదీ అదే ఇళ్ల ధరల అంచనా, అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా, ఆ మోడల్ ఎందుకు తప్పు చెప్పిందమ్మా అంటే మౌనం. ఆ లక్షన్నర దేనికి కడుతున్నారో ముందు మీరు తేల్చుకోండి. పక్కింటివాళ్లకు చెప్పుకోవడానికైతే చాలా ఖరీదు సార్.

అమ్మాయికీ ఒక మాట. అక్షరదోషం దిద్ది పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండి అనే అభ్యర్థన) పంపడం వేరు, ఇది వేరు. 2020 అక్టోబర్లో, పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చే ఓపెన్ సోర్స్ పండగైన హ్యాక్టోబర్‌ఫెస్ట్ టీషర్టు కోసం, ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీలో 'అద్భుతమైన ప్రాజెక్టు' అని చేర్చి పంపినవాళ్ల వల్ల ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు తల పట్టుకున్నారు, చివరికి ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా రూలు మార్చాల్సి వచ్చింది. కాబట్టి ఒకే ప్రాజెక్టు పట్టుకో, పెద్ద మార్పైతే ముందు ఇష్యూ (చర్చకు పెట్టే పోస్టు) తెరిచి అడుగు. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగో డాక్స్ చూడు, ట్యుటోరియల్ వేరు, రిఫరెన్స్ వేరు, ఎలా చేయాలో చెప్పే గైడ్లు వేరు. అన్నీ ఒకే పేజీలో కుక్కితే కొత్తవాళ్లు పారిపోతారు. కోడ్ మాత్రం మానకు. టెక్నికల్ రైటర్ ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి గానీ డెవలపర్ పోస్టులంత ఉండవు. రెండూ వచ్చినదాన్ని వదులుకోరు.

పోలిక అడిగారు కదా, ఇంతే: కోర్సు ఏడాది తర్వాతైనా కొనుక్కోవచ్చు. కొత్తగా ఉన్నప్పుడు ఎక్కడ తట్టుకుని పడిందో ఆ జ్ఞాపకం ఏడాది తర్వాత ఆమెకూ ఉండదు.

ఈ ఆదివారం షాపు మూశాక ఆమె రాసిన పేజీ తెరిపించి, అందులో ఉన్నట్టే మీరే ల్యాప్‌టాప్‌లో చేసి చూడండి. ఆమెను నోరు విప్పవద్దనండి. మీరు ఎక్కడ ఆగిపోతే అది ఆమె కాగితం మీద రాసుకుంటుంది. మధ్యలో షాపు ఫోను మాత్రం ఎత్తకండి.