చదును, నునుపు, మందం

సందేహం: ఇంట్లో చిన్నచిన్న వడ్రంగి పనుల కోసం థిక్‌నెస్ ప్లేనర్ కొన్నాను. 'ఈ మిషన్ పలకను చదును చెయ్యడం లేదు' అని కంపెనీకి రాస్తే, మిషన్‌లో లోపం లేదన్నారు. నా వాక్యంలో తప్పుందా? దీని పనిని 'చిత్రిక పట్టడం' అనవచ్చా? 'మందం', 'దళసరి' ఒకటేనా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. చిక్కంతా 'చదును' అన్న మాట దగ్గరే ఉంది. వంపూ మెలీ లేకుండా ఒకే మట్టాన ఉంటే చదును. చేతికి గరుకు తగలకపోతే నునుపు. ఏటి గులకరాయి నున్నగా ఉంటుంది, చదునుగా ఉండదు. ప్లేనర్ పలకను నునుపు చేస్తుంది, కానీ దాని అసలు పని మందాన్ని అంతటా ఒకటి చెయ్యడం. వంగిన పలకను పెడితే రోలర్లు దాన్ని అదిమి పట్టి కత్తి కిందికి పంపుతాయి. బయటికి రాగానే వంపు మళ్లీ లేస్తుంది. ముందు ఒక ముఖాన్ని జాయింటర్ అనే మరో మిషన్ మీదో, చేతి చిత్రికతోనో చదును చేసుకోండి. ఆ ముఖాన్ని కిందికి ఉంచి పంపండి.

అప్పటికీ బాగా రాకపోతే 'పని చెయ్యడం లేదు' అని వదిలెయ్యకుండా, ఏం జరుగుతోందో చెప్పండి. చివర్లలో పల్లం పడుతోందా? ఒక్క రోలర్ పట్టులోనే ఉన్నప్పుడు పలక కత్తివైపు లేస్తుంది. పొడవాటి పలకకు మిషన్‌కి ముందూ వెనకా ఆనిక ఇవ్వాలి. పేళ్లు లేస్తున్నాయా? నార వాలుకు ఎదురు కోస్తున్నారేమో, పలకను తిప్పి పెట్టండి. ఒక్కో విడతకు కొద్దికొద్దిగానే తియ్యండి. కత్తులు మొద్దుబారినా ఇదే బాధ.

'చిత్రిక పట్టడం' నిరభ్యంతరంగా అనవచ్చు. సాన పట్టడం, జల్లెడ పట్టడం లాగే పనిముట్టు పేరుతో ఏర్పడిన క్రియ అది. చేతి పనిముట్టుకు తోపడ అన్న పేరూ ఉంది; తెలంగాణలో రందా అంటారు. మిషన్‌ని మాత్రం ప్లేనర్ అనే అనండి. వడ్రంగులందరికీ తెలిసిన మాట ఉండగా కొత్త సంస్కృత సమాసం పుట్టించడం నాకు నచ్చదు.

'మందం' కొలతకు, 'దళసరి' గుణానికి వాడటం మేలు: 'అంగుళం మందం', 'దళసరి పలక'. మీ ఫిర్యాదులో కావలసింది మొదటిదే. చదును చేసిన పలక కూడా ఒక అంచున 20 మిల్లీమీటర్లు, రెండో అంచున 19 వస్తుంటే, 'పలక మందం రెండంచులా ఒకేలా రావడం లేదు. కత్తులు బిగించిన ఇరుసు బల్లకు సమాంతరంగా లేదు, సరిచెయ్యండి' అని రాయండి.