ముసలితనపు దిగులుకు ఖర్చు దండగా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. నాన్న పోయి 14 నెలలైంది. అప్పట్నుంచి అమ్మ (68) సంగటి ముద్ద సరిగా ముట్టదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. కడుపులో మంట, ఒళ్ళు నొప్పులంటే ఎండోస్కోపీకి, స్కానింగులకు 34 వేలు పెట్టినాం. జబ్బేమీ లేదన్నారు. చివరికి ఒక డాక్టరు డిప్రెషన్ అని చెప్పినారు. 'ఈ వయసులో దిగులు ఎవరికుండదు, దానికీ డబ్బు తగలేయాలా' అంటాడు మా అన్న. ఈ ఏడు చెనక్కాయ కూడా చేతికి రాలేదు. ఏం చేయమంటారు?

జవాబు: కరువు సీమలో డబ్బు లెక్క అడగడం తప్పు కాదు నాయనా. లెక్కే చూద్దాం. ఆ 34 వేలు ఏ పద్దులో రాసుకున్నారు? అది దిగులు ఖర్చే, కడుపు మంట పేరుతో పోయింది. మన పెద్దలు మనసు బాగోలేదని చెప్పరు, కాళ్ళు గుంజుతున్నాయంటారు. మా జేజి కూడా అలాగే అనేది. డాక్టరునై ఉండీ నేను రెండేళ్ళు గ్యాస్ మాత్రలే ఇచ్చాను.

అమెరికాలో ఇంపాక్ట్ అనే అధ్యయనంలో పెద్దల డిప్రెషన్ వైద్యానికి మనిషికి సుమారు 522 డాలర్లయింది. నాలుగేళ్ళ మొత్తం వైద్య ఖర్చు మాత్రం, మామూలు వైద్యం పొందినవాళ్ళతో పోలిస్తే, వాళ్ళకు సగటున 3,300 డాలర్ల పైచిలుకు తగ్గింది. అక్కడి రేట్లు వేరంటారా, గోవా చూడండి. దిగులు అప్పుడే మొదలవుతున్న 181 మంది పెద్దలను తీసుకున్నారు. డాక్టర్లు కాని మామూలు కౌన్సిలర్లు కొందరికి మాటలతో సాయం చేశారు. ఏడాదిలో అది ముదిరింది వాళ్ళలో నూటికి నలుగురికే, మిగతావాళ్ళలో 14 మందికి.

మీకు అంత ఖర్చూ ఉండదు. అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి వెళ్ళండి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించమని అడగండి. మాత్రలు ప్రభుత్వ జన ఔషధి మందుల దుకాణాల్లో చవక. గుణం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే మానేస్తే అదీ అసలైన దండగ! మాత్రలు మొదలయ్యాక తల తిరిగినా, తికమకపడినా రక్తంలో సోడియం పరీక్ష చేయించాలి. 'నేనుండి ఏం లాభం' అని అమ్మ అంటే మాత్రం ఆ రోజే తీసుకెళ్ళండి. రాత్రివేళైతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వెళ్ళేటప్పుడు మీ అన్ననూ వెంటబెట్టుకోండి. 'డబ్బు తగలేయాలా' అన్న ఆ ప్రశ్న అక్కడి డాక్టరునే అడగనివ్వండి.