షాఫ్ట్ డ్రైవ్ బైక్‌కి గ్రీజు పెట్టక్కర్లేదా? నా షాడో వెనక చక్రం ఊడదీస్తే కనిపించింది ఇది

మీరు సెకండ్ హ్యాండ్‌లో హోండా షాడో బైక్ కొన్నారు, 22 వేల మైళ్లు తిరిగింది, అమ్మినాయన "షాఫ్ట్ డ్రైవ్ కదా, చైన్ గొడవే లేదు, ఏమీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు, నిజమేనా అని అడిగారు. నాకూ సరిగ్గా ఇదే మాట చెప్పి అమ్మారు. నాది 2007 షాడో ఏరో 750, డాలస్‌లో కొన్నాను. బాపట్లలో నాన్నగారి బుల్లెట్ చైన్‌కి ఆయిల్ పెట్టి చొక్కాలు పాడు చేసుకున్నవాణ్ణి, ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

షాఫ్ట్ డ్రైవ్ అంటే చైన్ బదులు ఒక ఇనుప రాడ్ (షాఫ్ట్) తిరిగి వెనక చక్రాన్ని తిప్పడం. అమ్మినాయన మాటలో సగమే నిజం. చైన్ ఎండిపోతే చప్పుడు చేస్తుంది, కంటికీ కనిపిస్తుంది. షాఫ్ట్ సంగతి చక్రం ఊడదీసేదాకా తెలియదు.

మొదటిసారి వెనక టైరు ఒక షాపులో మార్పించాను. స్ప్లైన్లకి, అంటే ఒకదాంట్లో ఒకటి కూర్చుని చక్రాన్ని తిప్పే పళ్ళకి, గ్రీజు పెట్టమని మరీ మరీ చెప్పాను, పెట్టామన్నారు, బిల్లులో కూడా రాశారు. రెండో టైరుకి ఇంట్లోనే జాకీ మీద ఎత్తి నేనే చక్రం తీశాను. హబ్‌లో, అంటే చక్రం మధ్యలో, ఉండే ఫ్లాంజ్ (పళ్ళున్న బిళ్ళ) పళ్ళ మధ్య ఇటుక పొడిలా ఎర్రటి పొడి. గ్రీజు తడి ఎక్కడా లేదు. ఆ పొడి బయటి నుంచి వచ్చిన దుమ్ము కాదు, ఆ పళ్ళ ఉక్కే. పొడిగా రాసుకుని, అరిగి, తుప్పుగా రాలింది. గుడ్డతో తుడిచి పంటి పక్కన గోరు పెట్టి గీస్తే చిన్న గట్టు తగిలింది. ఆ దశలో పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఇంకా అరిగితే పళ్ళు కొడవలి పళ్ళలా మొన తేలతాయి, అప్పుడిక ఫ్లాంజ్ మార్చాల్సిందే. ఆ పళ్ళు కూర్చునే గేర్ కేస్ (షాఫ్ట్ తిరుగుడుని చక్రానికి మళ్లించే గేర్ల డబ్బా) వైపు కూడా అరిగితే ఖర్చు వేరే లెవెల్.

గ్రీజు విషయంలో మాత్రం కక్కుర్తి పడకండి. మామూలు వీల్ బేరింగ్ గ్రీజు అక్కడ నిలవదు, చక్రం తిరిగే వేగానికి చిమ్మి బయటికి పోతుంది. కావాల్సింది మాలిబ్డినం పేస్ట్. ఆటో పార్ట్స్ షాపుల్లో 'మోలీ గ్రీజు' అని అమ్మేదాంట్లో మాలిబ్డినం సాధారణంగా 3 శాతమే ఉంటుంది. హోండా మాన్యువల్ చెప్పే మోలీ 60 పేస్ట్‌లో 60 శాతం. ఇప్పుడది రావట్లేదు, దాని బదులు హోండా ఎం-77 పేస్ట్ అమ్ముతోంది. పాత గ్రీజు, ఎర్ర పొడి పూర్తిగా కడిగి, ఆరాక బ్రష్‌తో పలచగా రాయండి. పాత టూత్ బ్రష్ చాలు. చేతికి అంటితే నాలుగు రోజులు పోదు, గ్లవ్స్ వేసుకోండి. ఏరోకి వెనక డ్రమ్ బ్రేక్, ఆ చేతులతో బ్రేక్ షూలు ముట్టుకోవద్దు.

ఫ్లాంజ్ వెనకాల రబ్బర్లు ఉంటాయి, బుల్లెట్ హబ్‌లో కప్లింగ్ రబ్బర్ల లాంటివే. వాటికి గ్రీజు వద్దు. ఓ-రింగులు (సందులు మూసే రబ్బరు రింగులు) గట్టిపడితే మార్చేయండి. బేరింగుల్లో వేలు పెట్టి తిప్పి చూడండి, గరగరమంటే కొత్తవి వేయడమే.

ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. కానీ షాఫ్ట్ ముందు కొసకి కూడా పళ్ళే, అది యూనివర్సల్ జాయింట్ (వంగుతూ తిరిగే కీలు) లోకి వెళ్తుంది. అది చూడాలంటే గేర్ కేస్‌ని స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) నుంచి విప్పి షాఫ్ట్‌తో పాటు వెనక్కి లాగాలి. తిరిగి ఎక్కించేటప్పుడు పళ్ళు కలవక అరగంట కుస్తీ పట్టాను. మా ఆవిడ టార్చ్ పట్టుకుని "మెకానిక్‌కి ఇవ్వచ్చుగా" అని మూడుసార్లు అంది.

అప్పుడే ఒక తప్పు చేయబోయాను. గేర్ కేస్ నట్లు ముందే బిగించేయబోయాను. అలా కాదు. వాటిని చేత్తో తిప్పి వదులుగా వదిలేసి, చక్రం, యాక్సిల్ (ఇరుసు) పెట్టి, ముందు యాక్సిల్ బిగించాలి. గేర్ కేస్ దానంతటది సరైన చోట కూర్చుంటుంది. ఆ తర్వాతే దాని నట్లు, మాన్యువల్లో ఉన్న టార్క్‌కి (బిగింపు కొలతకి). ముందే బిగిస్తే కొద్దిగా వంకరగా నిలబడిపోతుంది, ఎంత మంచి పేస్ట్ రాసినా పళ్ళు ఒక పక్కే అరుగుతాయి.

గేర్ కేస్ ఆయిల్ మార్చడం చాలా తేలిక: హైపాయిడ్ గేర్ ఆయిల్, బైక్ నిటారుగా నిలబెట్టి ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా. పాతది కంపు కొడుతుంది, కంగారు పడకండి, అందులో కలిపే గంధకం వాసన అది. మెత్తటి బూడిద రంగు మడ్డి కాస్త ఉన్నా పర్లేదు, ఇనుప ముక్కలు వస్తేనే టెన్షన్.

ఇండియాలో ఆర్ 1250 జీఎస్ లాంటి షాఫ్ట్ డ్రైవ్ బీఎండబ్ల్యూ బైకులు నడిపేవాళ్లకి ఒక మాట: వాటి వెనక చక్రం బోల్టులు విప్పగానే వచ్చేస్తుంది, స్ప్లైన్లు బయటికి కనిపించవు. కాబట్టి టైరు మార్చినప్పుడు ఎవరో చూసుంటారులే అనుకోవద్దు.

మీ బైక్‌కి వెనక టైరు ఎప్పుడు మార్చారో కనుక్కోండి. మార్చే టైం దగ్గర్లో ఉంటే అప్పటిదాకా ఆగొచ్చు, లేకపోతే ఈ వీకెండే తీసేయండి. ఎర్ర పొడి ఉంటే తుడవకముందే ఒక ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.