పాఠకుల ప్రశ్నలు: కెఫీన్ తాగిన ఎలుక ఎందుకు కుదురుగా ఉండదు?

ప్రశ్న: కెఫీన్ కాస్త ఇస్తే చుంచెలుక పెట్టె అంతా తిరుగుతుంది. బాగా ఎక్కువిస్తే ముడుచుకుని కూర్చుంటుంది. ఒకే మందు రెండు రకాలుగా ఎలా పనిచేస్తుంది?

జవాబు: ముందు అడెనోసిన్ సంగతి తెలియాలి. మెలకువగా ఉన్నంతసేపూ నాడీకణాలు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేస్తూ ఉంటాయి. అందులోంచి పుట్టే అడెనోసిన్ కణాల బయట పోగై, ఏ1, ఏ2ఏ అనే రిసెప్టార్లకు (కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్లకు) అతుక్కుని జంతువును మగతలోకి దించుతుంది. కెఫీన్ అవే రిసెప్టార్లలో చోటు ఆక్రమిస్తుంది గానీ వాటిని పనిచేయించదు. కాబట్టి కెఫీన్ ఎలుకను అదిలించడం లేదు, అడెనోసిన్ బిగించిన పగ్గాన్ని సడలిస్తోంది.

ఆ పగ్గం ముఖ్యంగా మెదడు లోపల స్ట్రయేటమ్ అనే భాగంలో ఉంది. కదలికకు కళ్లెం వేసే కొన్ని కణాల మీద డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టార్లు, ఏ2ఏ రిసెప్టార్లు పక్కపక్కనే ఉంటాయి. డీ2 ఆ కణాన్ని అణిస్తే ఏ2ఏ ఎగదోస్తుంది. ఏ2ఏ నోరు మూయిస్తే ఎలుక కదలిక పెరుగుతుంది. దీనికి గట్టి రుజువు 1997లో దొరికింది. ఏ2ఏ జన్యువు తీసేసిన చుంచెలుకలకు కెఫీన్ ఇస్తే చురుకు పెరగడం మాట అటుంచి, ఉన్నది కూడా తగ్గింది. 2005లో నిద్ర మీద చేసిన పరీక్షలోనూ అంతే: ఏ1 లేని ఎలుకలు కెఫీన్‌కు మేలుకున్నాయి, ఏ2ఏ లేనివి మేలుకోలేదు.

అంటే చురుకు పుట్టించేది ఏ2ఏ దారి. మోతాదు కేజీకి 100 మి.గ్రా. దగ్గరికి వచ్చేసరికి ఇతర ప్రభావాలు దాన్ని మించిపోతాయి. కణం లోపలి సంకేతాలను చల్లార్చే ఫాస్ఫోడయెస్టరేజ్ ఎంజైమును అడ్డుకోవడం వాటిలో ఒకటి, దానికి చాలా ఎక్కువ కెఫీన్ కావాలి. పైగా పెద్ద మోతాదులో బెదురు పెరిగి ఎలుక గోడ వారనే నక్కుతుంది.

ప్రశ్న: చుంచెలుకలకు కేజీకి 10 మి.గ్రా. చొప్పున కెఫీన్ ఇచ్చాం. సెలైన్ ఇచ్చినవాటికీ వీటికీ తేడా కనపడలేదు. లోపం ఎక్కడ?

జవాబు: తొలి అనుమానం మందు మీద కాదు, పెట్టె మీద పెట్టుకోండి. కొత్త పెట్టెలో వేసిన ఎలుక సెలైన్ ఇచ్చినా విపరీతంగా తిరుగుతుంది. ఆ హడావుడిలో కెఫీన్ తెచ్చే పెరుగుదల మునిగిపోతుంది. ముందు 30 నుంచి 60 నిమిషాలు అదే పెట్టెలో వదిలి, కదలిక బాగా తగ్గాక ఇంజెక్షన్ ఇవ్వండి. ఆ తరువాత కనీసం గంటసేపు, 5 నిమిషాలకోసారి విడివిడిగా లెక్క రాయండి. మొత్తం ఒక్క అంకె మాత్రమే రాస్తే ఎప్పుడు పెరిగిందో తెలియదు. చుంచెలుకలు రాత్రి జీవులు గనక దీపాలు ఆరిన వేళ చేసినా ఇదే చిక్కు వస్తుంది.

తరువాత సీసా మీది పేరు చూడండి. కెఫీన్ సిట్రేట్ అయితే అందులో కెఫీన్ బరువు సగమే, మీరిచ్చింది 5 మి.గ్రా. అన్నమాట. శుద్ధ కెఫీన్ అయితే లెక్క సులువు: మి.లీ.కు 1 మి.గ్రా. ఉండేలా సెలైన్‌లో కరిగించి, కేజీకి 10 మి.లీ. చొప్పున పొట్టలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. 25 గ్రాముల ఎలుకకు 0.25 మి.లీ. వస్తుంది. చిక్కటి ద్రావణం ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడతాయి. అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంటే పైన తీసిన మందు పలచన అన్నట్టే. గోరువెచ్చగా చేసి పూర్తిగా కరిగాకే వాడండి.

ఇక పాత ఎలుకల్నే మళ్లీ మళ్లీ వాడుతున్నారా? రోజూ కెఫీన్ అందిన ఎలుక దానికి అలవాటు పడుతుంది. మధ్యలో కెఫీన్ కోవకే చెందిన థియోఫిలిన్ ఇచ్చినా లాభం లేదు, ఆ అలవాటు దానికీ వర్తిస్తుంది. కొత్త గుంపు తీసుకోవడమే మేలు.

ప్రశ్న: చాక్లెట్ మనకు ఏమీ చేయదు కదా, కుక్కకెందుకు ప్రమాదం?

జవాబు: చాక్లెట్‌లో ఉండే, కెఫీన్‌కు దగ్గరి బంధువైన థియోబ్రోమిన్ వల్ల. కుక్క ఒంట్లో అది మనకంటే నెమ్మదిగా, సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. కేజీకి 20 మి.గ్రా. దగ్గర వాంతులు, అలజడి, 40–50 దగ్గర గుండె దడ, 60 దగ్గర ఫిట్స్ రావచ్చు. ముదురు రంగు చాక్లెట్, కోకో పొడి ఎక్కువ హానికరం. లక్షణాల కోసం ఎదురుచూడకుండా కుక్క బరువు, తిన్న రకం, పరిమాణం, సమయం చెప్పి పశువైద్యుడిని వెంటనే సంప్రదించండి. ఉప్పు తాగించి వాంతి చేయించకండి, ఉప్పే విషమవుతుంది. మూత్రాశయంలోంచి థియోబ్రోమిన్ తిరిగి రక్తంలోకి పోతుంది కాబట్టి, కోలుకునేదాకా కుక్కను తరచూ మూత్రానికి బయటికి తీసుకెళ్లండి.