కౌలు చేనులో కరెంటు తీగ: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నేను కౌలుకిచ్చిన చేనులో కౌలుదారు పెట్టిన కరెంటు తీగ తగిలి అడవిపంది చనిపోయింది. భూమి నాది కనుక నామీదా కేసు పెడతారా? ఆ పంది ఎవరిది?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: పట్టా భూమికే గాని, అందులో తిరిగే అడవి జంతువుకు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది కాబట్టి, దాని మాంసాన్ని ఊళ్లో పంచుకోవడం (ఇది తరచుగా జరిగేదే) మరో కేసును కొనితెచ్చుకోవడమే. ఉచ్చు పన్నడం, పట్టే ప్రయత్నం చేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. భూయజమాని అయినంత మాత్రాన మీకు శిక్ష పడదు. అయితే తీగ సంగతి తెలిసీ మీరు ప్రోత్సహించారని రుజువైతే, 52వ సెక్షన్ కింద దుష్ప్రేరణ నేరం మీకూ వర్తిస్తుంది. కళేబరం మీ స్వాధీనంలోకి వచ్చి ఉంటే 48 గంటల్లోగా పోలీసు స్టేషనులో గాని, అధీకృత అటవీ అధికారికి గాని తెలియజేయాలి. ఆ తీగకు మనిషి బలైతే కేసు ఇంకా తీవ్రమవుతుంది గనుక, దాన్ని ముందుగా తీయించండి.