మిక్సీకి రిపేరొచ్చింది అనొచ్చా?

సందేహం: మాస్టారూ నమస్కారం. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల వేసుకుని చిన్నాచితకా రిపేర్లన్నీ నేనే చేసుకుంటున్నాను. మొన్న "మిక్సీకి రిపేరొచ్చింది, చూడాలి" అన్నాను. మా మనవడు "తాతా, రిపేరంటే బాగుచెయ్యడం కదా, మిక్సీకి బాగుచెయ్యడం వచ్చిందా?" అన్నాడు. వాడన్నదే కరెక్టా? రిపేరు మానేసి మరమ్మతు అంటే సరిపోతుందా, అందులో మర అంటే మెషినే కదా? ఇంకో విషయం, షెడ్డులో డబ్బాలకీ సొరుగులకీ తెలుగులో పేర్లు రాసి అతికిద్దామని కూర్చుని నట్టులా నట్లా, ఇనుప రంపమా ఇనుము రంపమా, స్క్రూకి తెలుగేంటి, పనిముట్లా పరికరాలా అని అక్కడే ఆగిపోయాను. కాస్త చెప్పగలరు.

సమాధానం: నమస్కారమండీ. నాకూ ఇంట్లో ఒక మూల చిన్న బల్లా రెండు సొరుగులూ ఉన్నాయి కాబట్టి మీ ఉత్తరం చదువుతుంటే చాలా సంతోషంగా అనిపించింది. ముందు మీ మనవడి సంగతి చూద్దాం. వాడికి ఇంగ్లీషు మాట అర్థం బాగా తెలుసు, అందులో తప్పేం లేదు, కానీ మీరు మాట్లాడింది ఇంగ్లీషు కాదు తెలుగు. ఒక మాట మన భాషలోకి వచ్చి వందేళ్లుగా మన నోళ్లలో నలిగాక దాని అర్థం ఏంటో మన వాక్యం చెప్పాలి, పాత ఇంటి డిక్షనరీ కాదు.

ఈ వాడుక ఎలా పుట్టి ఉంటుందో నాకు తోచింది చెప్తాను. చేను పండితే "కోతకొచ్చింది" అంటాం, అంటే కొయ్యాల్సిన స్థితికి వచ్చిందని. చెట్టు కాపుకొచ్చింది, పిల్ల పెళ్లికొచ్చింది, ఇవన్నీ అదే అచ్చు. ఒక పని పేరుకి "కి" చేర్చి "వచ్చింది" అంటే ఆ పని జరగాల్సిన అదను వచ్చిందని అర్థం. ఆ వరసలోనే "మిక్సీ రిపేరుకొచ్చింది" అన్నారు, ఇక్కడిదాకా మీ మనవడికి కూడా పేచీ ఉండదు. ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. "వాడికి జ్వరం వచ్చింది" అనే ఇంకో అచ్చు మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది కదా, మనిషికి జ్వరం, పంటకి తెగులు, అలాగే మిక్సీకి రిపేరు. "కి" రిపేరు పక్క నుంచి మిక్సీ పక్కకి జరిగింది, అంతే, కానీ దాంతో రిపేరు అనే మాట మందు పేరు కాకుండా జబ్బు పేరైపోయింది. ఇప్పుడు "ఏం రిపేరొచ్చింది?" అని అడిగితే "ఏం పాడైంది" అనే అందరికీ వినపడుతుంది. కాబట్టి మీరన్నది తప్పు కాదు, తెలుగు తన పద్ధతిలో తను చేసుకున్న మార్పు అది.

అయితే ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. "రిపేరయింది" అన్నప్పుడు. వంటయింది, పెళ్లయింది అంటే ఆ పని పూర్తయిందని కదా, ఆ లెక్కన రిపేరయింది అంటే బాగైపోయిందని. కానీ పాడయింది, ఖరాబయింది అనే లెక్కన చూస్తే చెడిపోయిందని. రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ తెలుగే, కానీ అర్థాలు ఎదురుబొదురు. మా ఇంట్లో ఒకసారి ఇస్త్రీ పెట్టె వైరు లోపల తెగితే కవరు విప్పి వైర్లు బయటికి తీసి, మిగతాది రేపు చూద్దామని దాని మీద "రిపేరు అయింది" అని చీటీ పెట్టాను, చెడిపోయిందనే ఉద్దేశంతోనే. మా తమ్ముడు వచ్చి ఆ చీటీ చదివి బాగైందనుకుని ప్లగ్గు పెట్టాడు. ఫ్యూజు పోయింది, వాడికేం కాలేదు కాబట్టి సరిపోయింది గానీ ఆ రోజు నాకు చెమటలు పట్టాయి. అప్పట్నుంచీ కరెంటు వస్తువు మీద చీటీ పెట్టాలంటే "చెడింది, ప్లగ్గు పెట్టొద్దు" అని రాస్తున్నాను, పనయ్యాక "బాగైంది" అని రాస్తున్నాను. మీరూ అలాగే రాయండి.

ఇక మరమ్మతు. రిపేరు పరాయి మాట, మరమ్మతు మన మాట అని చాలామంది అనుకుంటారు, కానీ అదీ వలస వచ్చిందే. అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకి చేరింది, అర్థం బాగుచెయ్యడమే. అందులో మర కూడా లేదు, మత్తు కూడా లేదు, చెవికి అలా వినపడుతుందంతే. మరమ్మతు, మరమత్తు, మరామత్తు అని రకరకాలుగా రాస్తారు, నేను మరమ్మతు అనే రాస్తాను, ఇవాళ ఎక్కువ చోట్ల కనపడేది అదే. రోడ్ల మరమ్మతు, చెరువు మరమ్మతు అన్నప్పుడు ఆ మాట హుందాగా ఉంటుంది, మిక్సీ దగ్గర మాత్రం మీ నోట సహజంగా వచ్చే రిపేరే బావుంటుంది. అచ్చ తెలుగే కావాలంటే "బాగుచెయ్యడం" ఉండనే ఉంది, దాన్ని మించింది లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకోటి ఉంది. రిపేరొచ్చింది అనడం తప్పు కాదన్నాను, కానీ అన్నిటికీ అదొక్కటే అనడం వల్ల మన చేతిలో ఉన్న ఎంత సంపద పోగొట్టుకుంటున్నామో చూడండి. వైరు తెగుతుంది, కర్ర విరుగుతుంది, గాజు పగులుతుంది, గొట్టం చిట్లుతుంది, రేకు సొట్టపడుతుంది, ఊచ వంగుతుంది, పళ్ల చక్రం అరుగుతుంది, పిడి ఊడుతుంది, మూత బిగుసుకుపోతుంది, మోటారు కాలిపోతుంది, గోడ బీటలు వారుతుంది. వీటిల్లో ఏదీ ఇంకోదాని బదులు పనికిరాదు. వైరు విరిగిందనం, కర్ర తెగిందనం. వస్తువు ఏ రకందో, దెబ్బ ఏ రకందో రెండూ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి. "కుర్చీ రిపేరొచ్చింది" అంటే బాగుచేసేవాడు వచ్చి చూసేదాకా ఏమీ తెలీదు, "కుర్చీ కాలు ఊడింది" అంటే జిగురూ బిగింపూ ఉంటే చాలని ముందే తెలుస్తుంది, "కాలు విరిగింది" అంటే కొత్త కర్ర కావాలని తెలుస్తుంది. సగం రిపేరు ఆ మాటలోనే అయిపోయినట్టు.

పైగా మన క్రియలు జంటలు జంటలుగా ఉంటాయి, తనంతట తాను జరిగినదానికి ఒకటి, ఎవరో చేసినదానికి ఒకటి. తెగింది – తెంచాడు, వంగింది – వంచాడు, విరిగింది – విరిచాడు, దిగింది – దించాడు. పిల్లలు వస్తువు చేతిలో పట్టుకుని "అదే విరిగింది" అంటారు చూడండి, "విరిచాను" అనకుండా, వ్యాకరణం ఎవరూ నేర్పకుండానే వాళ్లకి ఆ తేడా ఎంత బాగా తెలుసో. విప్పడం దగ్గరా అంతే, మూత విప్పుతాం, మేకు పీకుతాం, చక్రం ఊడదీస్తాం, ఊడబెరకడం మాత్రం కోపంతోనో తొందరతోనో చేసే పని. ఇప్పుడు వీటన్నిటికీ "రిమూవ్ చెయ్యి" అంటున్నారు, ఎలా తియ్యాలో అందులో లేదు.

బాగుచేసే పనుల పేర్లూ అంతే. గిన్నెకి మాటు వేస్తారు, బట్టకి మాసిక వేస్తారు, ఇత్తడి పాత్రకి కళాయి పూస్తారు, కత్తికి సాన పడతారు, చెక్కకి చిత్రిక పడతారు. ఆ చివరిదాన్ని కొంతమంది తోపడా పట్టడం అంటారు, రెండూ వడ్రంగుల మాటలే, ఏది ఎక్కువ తక్కువ అని లేదు. ఒకే పనికీ ఒకే పనిముట్టుకీ చోటుని బట్టి పేరు మారడం మామూలే, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు నేలంతా తిరిగి సేకరణ చేయించి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, తర్వాత చేనేత మాటలకి అలాంటిదే తెచ్చారు, ఆ పుటలు తిప్పితే పనిచేసేవాళ్ల నోట ఎంత భాష ఉందో తెలుస్తుంది. అందుకే మీ డబ్బాల మీద ఏం రాయాలన్నదానికి నా మొదటి జవాబు, ఆ వస్తువు అందివ్వమని మీరు ఇంట్లోవాళ్లని ఏ పేరుతో అడుగుతారో అదే రాయండి. స్పానర్‌ని పానా అనే అలవాటు ఉంటే పానా అనే రాయండి, ఆక్సా బ్లేడుని ఆక్సా బ్లేడు అనే రాయండి. నిఘంటువులోంచి తెచ్చిన పేరు అతికిస్తే రేపు మీ మనవడు వెతుక్కోలేడు.

స్క్రూకి తెలుగు అడిగారు కదా. మరమేకు అని ఉంది, మంచి మాట. ఇందులో మాత్రం మీరనుకున్న మర నిజంగానే ఉంది, కానీ అది మెషిన్ అనే అర్థంలో కాదు. మరచెంబు గుర్తుందా, ప్రయాణాల్లో నీళ్లు పట్టుకెళ్లేది, మూత తిప్పి బిగించేది? ఆ మూత మీద తిరిగే గాడినే మర అంటాం. "మరలు అరిగిపోయాయి, మూత బిగియట్లేదు" అని ఇప్పటికీ పెద్దవాళ్లు అంటారు, కుర్రాళ్లు "థ్రెడ్డు పోయింది" అంటారు. మేకుకి మరలుంటే మరమేకు, ఇంత తేలిగ్గా అర్థమయ్యే మాట ఎందుకు వాడుకలో లేకుండా పోయిందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అందులో మేకు కూడా పారసీ నుంచి వచ్చిందే, అయినా దాన్ని ఇప్పుడు పరాయిదని ఎవరంటారు. స్క్రూ అని రాసినా తప్పు లేదు, కానీ ఒక డబ్బా మీద మరమేకులు అని రాసి చూడండి, మనవడు తప్పకుండా అడుగుతాడు, అప్పుడు మరచెంబు కథ చెప్పొచ్చు.

నట్టులు కాదు, నట్లు. దీంట్లో అనుమానం అక్కర్లేదు. చెట్టు – చెట్లు, మెట్టు – మెట్లు, గట్టు – గట్లు, పనిముట్టు – పనిముట్లు, ఈ వరసలోకి నట్టు వచ్చి చేరింది, ఎవరూ చెప్పకుండానే జనం నట్లు అనేశారు. గేట్లు, ప్లేట్లు కూడా అలా వచ్చినవే. బోల్టు దగ్గర ట ముందు ఇంకో హల్లు ఉంది కాబట్టి ఉకారం పోకుండా బోల్టులు అనే రాయడం మంచిది. సుత్తి – సుత్తులు, సుత్తిలు అని రాయకండి. ఉలి – ఉలులు, పలకడానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది గానీ సరైన రూపం అదే. ఇంక టూల్సులు అనే మాట ఈమధ్య తెగ వినపడుతోంది, సు ఒక బహువచనం, లు ఇంకో బహువచనం, ఒకటి చాలు, టూళ్లు అనలేకపోతే హాయిగా పనిముట్లు అనండి.

పనిముట్లా పరికరాలా అంటే నేను పెట్టుకున్న గుర్తు ఒకటి చెప్తాను, ఇది శాస్త్రం కాదు, నా వాడుక. చేత్తో పట్టుకుని ఇంకో వస్తువు మీద పని చేసేది పనిముట్టు: సుత్తి, ఉలి, ఆకురాయి, పట్టుకారు. కొలవడానికో చూడ్డానికో ఉన్నది, లోపల తన పని తాను చేసుకునేది పరికరం: కరెంటు ఉందో లేదో చూసే టెస్టరు, మీటరు. సాధనం అనేది చాలా పెద్ద మాట, యోగసాధనం నుంచి రవాణా సాధనం దాకా అందులో పడతాయి, సొరుగు మీద రాయడానికి పనికిరాదు. ఉపకరణం ఆఫీసు కాగితాల మాట. సామాను అని రాస్తే మాత్రం పనిముట్లతో పాటు విడిభాగాలూ అందులోకి వచ్చేస్తాయి, కాబట్టి రెండూ కలిపి పెట్టిన పెట్టెకి అది సరిగ్గా సరిపోతుంది.

చివరగా ఇనుప రంపం. ఇది మంచి ప్రశ్న, చాలామందికి తట్టదు. ఇనుము అనే మాట ఇంకో మాటకి ముందు చేరితే ఇనుప అవుతుంది, ఇనుప పెట్టె, ఇనుప గొలుసు, అంటే ఇనుముతో చేసినవి. ఆ లెక్కన ఇనుప రంపం అంటే ఇనుముతో చేసిన రంపం, మరి రంపాలన్నీ అంతే కదా! మీ ఉద్దేశం ఇనుముని కోసే రంపం. ఇనుము రంపం అని రాసినా ఆ తిరకాసు పూర్తిగా పోదు, "ఇనుము కోసే రంపం" అని మూడు మాటలూ రాసెయ్యండి, పక్కదాని మీద "చెక్క కోసే రంపం". మేకుల దగ్గర కూడా ఇదే జాగ్రత్త, చెక్కమేకులు అంటే చెక్కతో చేసినవని వినపడుతుంది, "చెక్కకి కొట్టేవి", "గోడకి కొట్టేవి" అని విడివిడిగా రాయండి. కాస్త పొడుగైనా చీటీ పడుతుంది, రేప్పొద్దున చీకట్లో టార్చి పట్టుకుని వెతికేవాళ్లకి తడబాటు ఉండదు.

మీరు అడగలేదు గానీ, ఏ డబ్బాలోనూ పట్టనివి కొన్ని ఎలాగూ మిగులుతాయి, ఒంటి వాషరు, ఎక్కడిదో తెలియని స్ప్రింగు, పాత తాళం చెవి. ఆ డబ్బా మీద చాలామంది ఇతరములు అని రాస్తారు. నేను "పనికొచ్చేవి" అని రాసుకున్నాను.