పెళ్లి భోజనాలకి పేపర్ ప్లేట్లు మంచివేనా? – సమాధానం

రావులపాలెం దగ్గర అమ్మాయి పెళ్లికి ప్లాస్టిక్ వద్దని పేపర్ ప్లేట్లు, పేర్లు అచ్చేసిన కాటన్ సంచులు అనుకుంటున్నానన్నారు కదండి, ముందు ఆ ప్లేటు ఒకటి రాత్రంతా నీళ్లలో నానబెట్టి చింపి చూడండి, మెరిసే వైపు పల్చటి పొర ఊడి వస్తే అది చాలావరకు ప్లాస్టికే. మొక్కజొన్నతో చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ గ్లాసులైనా సరే, కుళ్లాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి, మన పంట కాలవలో పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. అరటి మార్కెట్ పక్కనే పెట్టుకుని ఇవన్నీ ఎందుకండి? శుభ్రంగా అరిటాకులు వేయించండి, స్టీలు గ్లాసులు అద్దెకి తెప్పించండి.

సంచులైతే మానేయండి. 2018లో డెన్మార్క్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ వేసిన లెక్కలో, వాతావరణ మార్పు మీద ప్రభావం ఒక్కటే చూసినా మామూలు కాటన్ సంచిని కనీసం 52 సార్లు వాడితేగాని ప్లాస్టిక్ సంచితో సమానం కాదని తేలింది. పెళ్లివారి పేర్లున్న సంచిని అన్నిసార్లు బజారుకి ఎవరు పట్టుకెళ్తారండి?